ఎర్రదీపం కంటే ముందు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ముగ్గురం ఒక లాప్‌టాప్‌ను తిట్టుకుంటూ బతికాం. తిట్టడానికి ఒక వస్తువు దొరికిన ఇల్లు సుఖంగానే ఉంటుందని నాకు తరవాత అర్థమైంది.

మా బావ రైలు డ్రైవరు. ఎండలు ముదరకముందే ఒకరోజు ఆయన నడుపుతున్న బండి ఒక చిన్న స్టేషన్లో ఆగవలసిన చోటు దాటి, రెండు పెట్టెల దూరం ముందుకు వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు పెట్టెలోవాళ్ళు దిగబోతే కాలికింద ప్లాట్‌ఫారం లేదు, కంకర ఉంది. ఎవరో నవ్వారట కూడా. ఆఫీసువాళ్ళు మాత్రం నవ్వలేదు. వేసవి చివర్లో పరీక్ష పెడతాం, అందాకా ఇంజిన్ ఎక్కొద్దని ఇంటికి పంపేశారు.

పరీక్షంటే కలం పట్టుకుని రాసేది కాదు. డిపోలో ఒక గదిలో ఉత్తుత్తి ఇంజిన్ ఒకటి ఉంటుంది. ముందద్దం ఉండాల్సిన చోట పెద్ద తెర. దానిమీద పట్టాలు పరిగెత్తుతుంటాయి, ఎప్పుడో ఒకప్పుడు ఎర్రదీపం పడుతుంది. పడ్డాక చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో యంత్రం చూస్తుంది. నెగ్గితే మళ్ళీ ఇంజిన్. లేకపోతే తాళాల గది. డ్యూటీకి వచ్చే డ్రైవర్లకు ఇంజిన్ తాళాలు అందించడం, దిగినవాళ్ళ దగ్గర తీసుకుని మేకులకు తగిలించడం.

"ఆ గదికి కిటికీ కూడా లేదోయ్," అన్నాడు బావ భోజనం దగ్గర.

"పోనీలెండి, ఎండ తగలదు," అంది అక్క. ఆ మాట ఎవరికీ నవ్వు తెప్పించలేదు. అక్క కూడా నవ్వించాలని అన్నట్టు లేదు.

ఇంట్లో లాప్‌టాప్ ఉంటే రైలు నడిపే గేమ్ ఒకటి వేసుకుని చేతికి పని చెప్పుకోమని డిపోలో ఎవరో సలహా ఇచ్చారట. నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. నేను వెనక గదిలో ఉంటాను. సినిమాలకు సబ్‌టైటిల్స్ పెట్టడం నా పని. తెరమీద మనిషి నోరు తెరిచే క్షణానికి కింద అక్షరాలు పడాలి, మూసే క్షణానికి పోవాలి. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేని పని కాబట్టే అది నాకు పట్టుబడిందని అక్క అంటుంటుంది. బావ నా గదిలోనే కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకున్నాడు. లాప్‌టాప్‌కు తగిలించుకునే లివరు ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని బల్లకు బిగించి, ఇంజిన్లో కూర్చున్నట్టు వీపు నిటారుగా పెట్టి కూర్చునేవాడు. మొదటిరోజు యూనిఫాం చొక్కా కూడా వేసుకున్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడి చూసి, "టికెట్ కలెక్టరు ఎవరండీ, మా తమ్ముడా?" అంది.

ఆట బాగానే సాగింది. కొండల మధ్య వంపులు తిరిగే లైను ఒకటి ఎంచుకున్నాడు. రోజూ అదే. భోజనాలయ్యాక పరదాలు మూసి నడపడం మొదలుపెడితే, ముందుగదిలో కుట్టుమిషను మీద ఉన్న అక్కకు స్టేషన్ గంట వినపడేది. మధ్యాహ్నం పూట మా ఇంటికి రైలొచ్చేది. బండి సరిగ్గా గీత దగ్గర ఆగేది. బావ లివరు వదిలి, వేళ్ళు విరుచుకుని, ఏమీ జరగనట్టు మంచినీళ్ళు తాగేవాడు. ఆ తాగే తీరులోనే తెలిసేది ఎంత సంతోషంగా ఉన్నాడో.

తరవాత అప్‌డేట్ వచ్చింది.

ఎవరం అడగలేదు. ఒక ఉదయం అదే వచ్చింది, అదే ఎక్కింది. ఆ మధ్యాహ్నం బండి కదలగానే చెట్లు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. పట్టాలు ఉన్నచోటే వణికి, ఒక్కసారిగా ముందుకు దూకాయి. చక్రాల చప్పుడు నత్తినత్తిగా వినిపించింది. ఎర్రదీపం పడింది. బావ లివరు లాగాడు. బండి దీపం దాటి వెళ్ళిపోయి, చాలాదూరంలో ఆగింది.

బావ లివరు వైపు చూశాడు, తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేను లాగాను. అది వినలేదు."

"లాప్‌టాప్ నెమ్మదించింది బావా. నేను చూస్తాలే."

ఆ 'నేను చూస్తాలే' అనడంలో నాకు కలిగిన తృప్తిని ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ ఇంట్లో చాలాకాలంగా నేను ఎవరికీ అవసరం లేని మనిషిని. పెట్టింది తిని, తలుపు మూసుకుని, ఎవరి మాటలకో అక్షరాలు అతికించేవాణ్ణి. ఇప్పుడు బావకు నేను కావలసివచ్చాను. కష్టం వచ్చిన ఇంట్లో ఒక్కోసారి ఒకడికి లోలోపల పండగ్గా ఉంటుంది. వాడు ఆ సంగతి తనకు కూడా చెప్పుకోడు.

తెర మూల ఒక అంకె కనబడేలా పెట్టాను. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో అది చెబుతుంది. అరవై ఉంటే బండి నున్నగా పోతుంది. మాది ఇరవై దగ్గర కొట్టుకుంటోంది. అక్క రోజూ మధ్యాహ్నం తలుపులోంచి తల పెట్టి, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు, "ఇవాళ ఎంతుందిరా?" అని అడిగేది.

"ఇరవై మూడు."

"నిన్నటికి నయమే."

నెట్‌లో వెతికితే మాలాంటివాళ్ళు బోలెడుమంది. అందరివీ అవే ఏడుపులు, తలా ఒక చిట్కా. ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాను. బ్యాటరీ మిగల్చడం కోసం లాప్‌టాప్ తన బలం తనే తగ్గించుకుంటోంది, ఆ మర్యాద మాన్పించాను. వెనకాల నడిచే అనవసరపు ప్రోగ్రాములన్నీ ఆపేశాను. నీడలు తీసేశాను, నీళ్ళలో కొండల ప్రతిబింబాలు తీసేశాను, ప్లాట్‌ఫారం మీది జనాన్ని తగ్గించాను.

"జనాన్ని ఎందుకు తీసేశావోయ్?"

"బరువు తగ్గుతుంది బావా."

"జనం లేకపోతే ఇంక బండి ఆపడం దేనికి?" అన్నాడు. అయినా సరేనన్నాడు.

లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే భాగం చేత పనిచేయించే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, దాని పేరే డ్రైవరు. దాని దగ్గరికి వచ్చేసరికి నాకు నోరు పెగల్లేదు. కానీ తెరమీద అక్షరాలు బావ కూడా చదువుతున్నాడు.

"ఏమంటోంది?"

"డ్రైవరు పాతదైపోయిందట బావా. మార్చమంటోంది."

బావ తెర వైపు చూసి, "మా ఆఫీసువాళ్ళకీ దీనికీ ఏదైనా చుట్టరికం ఉందేమో కనుక్కో," అన్నాడు. ముందుగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది, అక్క నవ్వు వినిపించింది. ముగ్గురం నవ్వాం. ఆ వేసవిలో ముగ్గురం కలిసి నవ్విన నవ్వు అదొక్కటే గుర్తుంది నాకు.

డ్రైవరు మార్చాక నలభై దాటింది. లాప్‌టాప్ అడుగు విప్పి, అక్క రంగులు వేసుకునే కుంచెతో ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్మంతా దులిపాను. చిన్న పిల్లి బొచ్చంత దుమ్ము. అప్పుడు యాభై ఎనిమిది. చెట్లు నున్నగా జారిపోయాయి. చక్రాల నత్తి పోయింది. బావ లివరు పట్టుకున్నాడు. వంపు తిరగ్గానే ఎర్రదీపం. లాగాడు. దాటిపోయింది.

"లేదోయ్," అన్నాడు. "అంకె ఎంతైనా చెప్పనీ. చేతికి తెలుస్తుంది కదా. లాగిన వెంటనే పట్టుకోవట్లేదు."

నేను నమ్మాను. అంకె కంటే బావ చెయ్యి నమ్మదగ్గదిగా తోచింది. ఇన్నేళ్ళూ ఆ చేతిని నమ్ముకుని ఎంతమంది నిద్రపోయారు రైళ్ళలో. లివరు తీగలో లోపం ఉందేమోనని తీగ మార్చాను. లివరు తగిలించే రంధ్రం మార్చాను. చివరికి లివరే మార్చాను. ప్రతిసారీ బావ ఒకసారి నడిపి, తల అడ్డంగా ఊపేవాడు. ప్రతిసారీ నాకు లోపల ఎక్కడో చల్లగా ఉండేది, ఇంకా మార్చడానికి ఏదో మిగిలి ఉందని.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అక్క బావకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. బావ చెయ్యి చాచాడు. గ్లాసు కింద పడి పగిలింది. ముగ్గురం గాజుముక్కల వంక చూశాం.

"పట్టుకున్నారనుకుని వదిలేశాను," అంది అక్క.

"పట్టుకున్నాననే అనుకున్నాను నేనూ," అన్నాడు బావ.

అక్క చీపురు తెచ్చింది. చెమటచేతులు, జారిపోయి ఉంటుందన్నాను నేను. అవునవును, చెమట అన్నారు ఇద్దరూ. ఎండాకాలం ఎన్ని నేరాలు మోస్తుందో.

పరీక్ష దగ్గరపడుతోంది. బావ మాటలు తగ్గించేశాడు. గడ్డం గీసుకోవడం ఒకరోజు మానేశాడు, మరునాడు గీసుకుంటూ చెంప తెగ్గోసుకున్నాడు. ముందుగదిలో అక్క మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, వెనకగదిలోంచి వచ్చే చప్పుడు వినేది. బండి ఆగే చప్పుడుకు ముందు ఊపిరి బిగపట్టేది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, నేనూ అదే చేసేవాణ్ణి.

అప్పుడు నాకు తట్టింది. అప్‌డేట్‌ను బాగుచేయడం దేనికి, తీసేస్తే పోలేదా. గేమ్‌ను మొత్తం పెరికేసి, పాత రకం వెతికి పట్టుకుని ఎక్కించాను. మళ్ళీ దానంతట అది మారిపోకుండా నెట్ తీసేశాను. అదే సమయానికి డ్యూటీ దిగిన గార్డుగారు బావను చూసిపోదామని వచ్చి కూర్చున్నారు. బావ బండికి వెనక పెట్టెలో ఏళ్ళ తరబడి పచ్చజెండా ఊపిన మనిషి. లావాటి మనిషి, నోరు ఊరుకోదు.

"ఏం డ్రైవరుగారూ, చంటిపిల్లాడిలా రైలుబొమ్మ పట్టుకు కూర్చున్నారట."

"కూర్చోండి. ఎక్కించుకుంటాను."

"టికెట్ లేకుండా ఎక్కను. ఉద్యోగం పోతుంది."

బావ లివరు పట్టుకున్నాడు. బండి కదిలింది. మొదటి వంపు, సొరంగం, వాగు. ఎర్రదీపం. బండి దాని ముందు ముద్దుగా, తలవంచినట్టు ఆగింది. రెండో ఎర్రదీపం. ఆగింది. స్టేషన్. గీత మీద ఆగింది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా. అక్క తలుపు దగ్గరికి వచ్చి ఎప్పుడు నిలబడిందో, చేతిలో ఇంకా కత్తెర ఉంది.

గార్డుగారు తొడమీద చరుచుకున్నారు. "తాళాల గదికి ఇంకెవణ్ణైనా చూసుకోమనండి. రేపే చెప్తాను వెళ్ళి."

"యంత్రం తప్పండీ," అంది అక్క. "ఇన్నాళ్ళూ ఆ యంత్రం తప్పు. ఈయన తిండి కూడా మానేశారు దానిమూలాన."

"అబ్బాయ్, నువ్వు ఒక పని చెయ్యి," అన్నారు గార్డుగారు నాతో. "ఇదంతా వీడియో తీసి పంపు నాకు. డిపోలో అందరికీ చూపిస్తాను. నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

బావ ఇంకోసారి నడిపాడు, నేను తెరను రికార్డు చేశాను. ఆ రోజు అక్క గిన్నెలు కడుగుతూ ఏదో కూనిరాగం తీసింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళైందో అనుకున్నాను.

మరునాటి ఉదయం వీడియో ముందూ వెనకా కత్తిరించి పంపేద్దామని, అలవాటుగా నా పని చేసే ప్రోగ్రాములో తెరిచాను. అందులో బొమ్మ తరవాత బొమ్మగా జరుపుకుంటూ పోవచ్చు. గేమ్ తెర మీద కింద ఎడమవైపు బ్రేకు ముల్లు కనబడుతుంటుంది. లివరు కదిలితే ముల్లు కదులుతుంది. కత్తిరించాల్సిన చోటు వెతుకుతూ మొదటి ఎర్రదీపం దగ్గర ఆగాను.

నా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. మనిషి నోరు తెరవకముందే కింద అక్షరాలు పడడం. ఆలస్యమైతే చూసేవాళ్ళు క్షమిస్తారు. ముందే పడితే మాత్రం మోసం బయటపడిపోతుంది, ఈ మాటలు ముందే రాసిపెట్టినవని తెలిసిపోతుంది.

ముల్లు ముందు కదిలింది. దీపం తరవాత ఎర్రబడింది.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. రెండో దీపం చూశాను. అక్కడా ముల్లే ముందు. వంపు తిరిగి దీపం కంటబడే లోపే బావ చెయ్యి లేచింది. పాత గేమ్‌లో ఆ లైను మీద ఎర్రదీపాలు ఎప్పుడూ అవే చోట్ల, అదే వరసలో పడతాయి. బావ వాటిని చూసి ఆపట్లేదు. మనం చీకట్లో మన ఇంటి మెట్లు దిగినట్టు, కంఠతా వచ్చిన దారిలో నడుపుతున్నాడు. అప్‌డేట్ వచ్చాక దీపాలు ఒక్కోసారి ఒక్కోచోట పడడం మొదలైంది. అదే సమయంలో లాప్‌టాప్ నిజంగానే నెమ్మదించింది. ఒక నిజమైన లోపం వచ్చి, ఇంకో లోపం మీద దుప్పటి కప్పింది.

నాకు ఇంకా ఆశ ఉంది. బావ ఇంట్లో లేని సమయం చూసి కొత్త రకం మళ్ళీ ఎక్కించాను. అంకె అరవై చూపిస్తోంది. నేనే కూర్చుని లివరు పట్టుకున్నాను. జీవితంలో ఏ బండీ నడపలేదు నేను, సైకిలు కూడా భయం. బండి కదిలింది, ఎక్కడో ఎర్రదీపం పడింది, లాగాను.

ఆగింది.

ఇంకోసారి లాగాను, ఇంకోచోట. ఆగింది. దీపానికి చాలా ఇవతల, నిక్షేపంగా. లాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు. దుమ్ము దులిపిన రోజు నుంచీ లేదు.

పాతది మళ్ళీ ఎక్కించి, ఏమీ ఎరగనట్టు బల్ల సర్దేశాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణాలు రోజుకొకటి తయారయ్యేవి. పరీక్షలో ఎలాగూ తెలుస్తుంది, నేనెందుకు చెప్పాలి? తెలియకపోతే? ఆ రోజు అదృష్టం కలిసివచ్చి నెగ్గితే? అక్కడ నా ఆలోచన ఆగిపోయేది. ముందు పెట్టెలో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న మనిషి ఎవరో కనబడేవాడు. మొహం కనబడేది కాదు. మొహం చూడకుండా ఉండడానికే ప్రయత్నించేవాణ్ణి. ఇటు తిరిగితే కూనిరాగం తీస్తున్న అక్క. నా పనిలో ఒక మాట తెరమీద రెండు వరుసలు దాటకూడదు. బావకు చెప్పాల్సింది ఒక వరుసలో సరిపోతుంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సరైన క్షణం కోసం చూస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. అలాంటి క్షణాలు వచ్చి, నోరు తెరిచి, మూసుకుని వెళ్ళిపోయాయి.

బావ మాత్రం రోజూ నడిపేవాడు. రోజూ గీత మీదే ఆగేది. నేను వీపు తిప్పుకుని పనిచేసుకునేవాణ్ణి.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం. పరదాలు మూసి ఉన్నాయి. బావ లివరు మీద చెయ్యి పెట్టి, నడపకుండా కూర్చున్నాడు.

"గార్డుగారు ఫోన్ చేశారు," అన్నాడు. "వీడియో ఇంకా పంపలేదట నువ్వు."

"ఇంకా అవలేదు బావా. కొంచెం కత్తిరించాల్సింది ఉంది."

"ఆహా."

ఫ్యాను తిరుగుతోంది. నేను కీబోర్డు మీద ఏవో మీటలు నొక్కాను, ఉత్తినే.

"రెండు గంటల సినిమా ఒక్కరోజులో ముగిస్తావు నువ్వు," అన్నాడు బావ. కోపం లేదు గొంతులో. లెక్క సరిచూసుకుంటున్న మనిషి గొంతు.

నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఎంతసేపు ఉన్నానో, ఆ వ్యవధి చాలు. నా వీపు చూసి తెలుసుకున్నాడు.

"ఆ కొత్తది పెట్టు," అన్నాడు.

"రేపు పరీక్ష పెట్టుకుని ఇప్పుడెందుకు బావా. చేతికి వచ్చింది పాడవుతుంది."

"పెట్టవోయ్."

పెట్టాను. నీడలు, నీళ్ళలో ప్రతిబింబాలు, ప్లాట్‌ఫారం మీద జనం, తీసేసినవన్నీ మళ్ళీ తెప్పించమన్నాడు. తెప్పించాను. అయినా అంకె అరవై దగ్గర కదలకుండా నిలబడింది.

బండి కదిలింది. కొండల నీడలు పట్టాల మీద పడి జారిపోతున్నాయి. బావ కళ్ళు తెర మీద, నా కళ్ళు బావ చేతి మీద. ఎర్రదీపం పడింది. బావ మొహంలో తెలిసింది, చూశాడు. కనుబొమలు కదిలాయి. దవడ బిగిసింది. చెయ్యి మాత్రం లివరు మీద అలాగే ఉంది, ఎవరో పిలిస్తే వినిపించుకోని పిల్లాడిలా. తరవాత కదిలింది. అప్పటికి దీపం పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి దీపం వాగు దాటాక పడింది. చూశాడు. చెయ్యి ఆగింది, కదిలింది. బండి దాటిపోయింది. మూడోసారి ఎడమచేత్తో పట్టుకున్నాడు. అది కొంచెం నయం, అయినా చాలదు.

లివరు వదిలేసి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని కాసేపు చూశాడు. కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు.

"లాప్‌టాప్ బాగానే ఉందా?" అని అడిగాడు.

"బాగానే ఉంది బావా."

తల ఊపాడు. తెరమీద బండి ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరూ ఆపలేదు. "చెట్లు కూడా ఎంత బాగా కదులుతున్నాయో," అన్నాడు.

అక్క తలుపు తోసుకుని వచ్చింది. మెడ చుట్టూ కొలత టేపు. తెర చూసి ఆగిపోయింది. ఎండలో మెరుస్తున్న పట్టాలు, వాగునీళ్ళలో తలకిందులుగా కొండ. మొహం విప్పారింది.

"కొత్తదేనా ఇది? దీన్ని కూడా బాగుచేసేశావురా? చూడు ఎంత నున్నగా పోతోందో."

నేను బావ వైపు చూశాను.

"చేశాడు," అన్నాడు బావ. "ఇంక దాంట్లో ఏ లోపం లేదు."

పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళాడు. చొక్కా బొత్తాలు అక్క పెట్టింది, తొందరలో ఉన్నానన్నాడట. ఒక గంట తిరక్కముందే ఇంటికి వచ్చేశాడు. అక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఏమన్నారు?"

"తాళాల గదికి సోమవారం నుంచి రమ్మన్నారు."

బావ అసలు పరీక్ష గదిలోకే వెళ్ళలేదని గార్డుగారు నాకు తరవాత చెప్పారు. గుమ్మం దాకా వెళ్ళి, డిపో పెద్దాయనతో రెండు ముక్కలు మాట్లాడి, తన అల్మరా ఖాళీ చేసుకుని వచ్చేశాడట. ఆ సంగతి అక్కకు తెలియదు. పరీక్ష పోయిందనే అనుకుంది. చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడి, తరవాత మెల్లగా నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఒరేయ్, అక్కడి యంత్రం కూడా ఇలాగే నెమ్మదించి ఉంటుంది కదరా? దానికీ ఇలాంటిదేదో వచ్చి ఉంటుంది. నువ్వొకసారి వెళ్ళి చూస్తానని అడగకూడదూ? వాళ్ళకి ఇవన్నీ తెలియవు. డబ్బులేం వద్దని చెప్పు."

"అడుగుతానక్కా," అన్నాను.

"దుమ్ము పట్టి ఉంటుంది. ఆ కుంచె కూడా పట్టుకెళ్ళు."

"అలాగే."

రెండురోజులు అడిగావా అని అడిగింది. వాళ్ళు ఫోన్ ఎత్తట్లేదని నేను ఒకసారి, పెద్దాయన ఊళ్ళో లేడని ఒకసారి చెప్పాను. బావ పక్కగదిలోంచి వింటూనే ఉన్నాడు, ఒక్కమాట అనలేదు. మా ఇద్దరి మధ్య అక్క ఒక్కతే ఆ యంత్రాన్ని నమ్ముకుని ఉంది. దాన్ని కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కోవడం ఎవరివల్లా కాలేదు.

మొదటి వానలకు ముందు, నరాల డాక్టరు దగ్గరికి ముగ్గురం రైల్లో వెళ్ళాం. చెయ్యి తిమ్మిర్లెక్కుతోంది, చూపించుకుందామని బావ చెప్పాడు అక్కకు, అంతవరకే. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. బావ కిటికీ పక్కన, కళ్ళు మూసుకుని. అక్క ఆయన పక్కన. బావ కుడిచెయ్యి మోకాలి మీద వేసి ఉంది, వేళ్ళు సగం ముడిచి.

మొదటి స్టేషన్ దగ్గరపడింది. బండి వేగం తగ్గింది, చక్రాలు కీచుమన్నాయి, ఒక చిన్న కుదుపుతో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్ళు దిగుతున్నారు. అప్పుడు బావ వేళ్ళు బిగుసుకున్నాయి, మోకాలి మీద చెయ్యి మెల్లగా వెనక్కి కదిలింది, ఏదో లాగుతున్నట్టు.

అక్క చూస్తోంది. బట్ట కత్తిరించే ముందు గీత ఎక్కడుందో చూసే చూపు అది. బండి కదిలింది. రెండో స్టేషన్ వచ్చింది, ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కి కూర్చున్నారు కూడా. అప్పుడు కదిలింది చెయ్యి.

అక్క తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. యంత్రం గురించి ఆమె నన్ను ఇంకెప్పుడూ అడగలేదు.

"ఇంకా ఎన్నిసార్లు ఆగుతుంది ఇది?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

"నాలుగుసార్లు," అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.